చుక్కావుతో మాట్లాడుతూ పితుకు

కోడలా,

మీ ఆడపడుచుకు నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. మీ ఆయన బండి తీసి హారన్ కొడుతున్నాడు, నువ్వు గడ్డి కోసుకొచ్చేదాకా ఆగలేను. పిల్లలు నాయనమ్మ ఏదని అడిగితే మరదల్ని తేవడానికి వెళ్లిందని చెప్పు.

సాయంత్రం పాలు నువ్వే తియ్యాలి. తవుడు నానబెట్టాను, క్యాన్లు కడిగి బోర్లించాను. మిగతావన్నీ పితికేశాక చుక్కావు దగ్గర కూర్చో. దాని పొదుగు వాపు మొన్నమొన్ననే తగ్గింది. పాలు లోపల మిగిలిపోతే మళ్లీ గడ్డకడుతుందనీ, ఈసారి ఆ చన్ను దక్కదనీ పశువుల డాక్టరు చెప్పాడు కదా. గోరువెచ్చటి నీళ్లతో కడుగు.

అసలు సంగతేమిటంటే, పక్కన మాట వినపడకపోతే అది చేపదు, పాలు దిగనివ్వదు. తొలి ఈత నాటి నుంచీ నా వాగుడుకు అలవాటు పడిపోయింది. "అమ్మా, నీ నోరు మూతపడితే దీని పాలు ఇంకిపోతాయే" అని మీ ఆయన ఎగతాళి చేసేది ఉత్తినే కాదు.

నువ్వేమో అడిగితే గానీ నోరు విప్పవు. ఇవాళ విప్పక తప్పదు. ఏమీ తోచకపోతే నా మీద చాడీలు చెప్పు. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ కడుపులో ఎన్ని దాచుకున్నావో నాకు తెలీదా! పొదుగు మెత్తబడేదాకా ఆపకుండా చెప్పు. నా చేతికంటే నీ చేతికే ఒడుపెక్కువ, ఎప్పుడూ పైకి అనలేదు గానీ. నాకేం బెంగ లేదు.

అన్నం పొయ్యి మీద ఉంది, తినకుండా పడుకోకు.

మరిచాను. నేనొచ్చాక ఆ చాడీల్లో ఒకటైనా నా మొహం మీదే చెప్పు. పాలివ్వలేను గానీ వింటాను.