అడుగుకు అంటిన అయస్కాంతం

సిద్దిపేట,
మంగళవారం.

చిరంజీవి తమ్ముడు కర్ణాకర్‌కు అన్న దుర్గయ్య దీవెనలు.

ఇక్కడ ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. ఎత్తినా ఇదంతా నోటితో చెప్పగలిగేవాణ్ణి కాదు.

నీ ఉత్తరంలో అవ్వ కన్ను గురించి అడిగావు. శుక్లం తీశారు. కట్టు విప్పగానే "చిన్నోడేడి?" అంది. భివండిలో పనికి పోయావని మళ్ళీ చెప్పాను. నీ భార్య రోజారాణి పిల్లను బడికి పంపుతున్నది, కానీ మన స్టీలు పని షెడ్డు వైపు రావడం మానేసింది.

ఇంకొకటి కూడా అడిగావు, నువ్వు రేకు మార్చావని అక్కడి సేటుకు ఎవరు చెప్పారని. దానికి జవాబు ఉంది. ముందు పాల ట్యాంకు సంగతి రాస్తాను.

ఆ రోజు పాల కేంద్రం అమృతమ్మ మనం చేసిన ట్యాంకు చూడటానికి వచ్చి, స్టీలు కొనే అందరిలాగే సంచిలోంచి అయస్కాంతం తీసింది. పక్క రేకుకు అంటలేదు. సుత్తితో గిన్నెలా కొట్టిన అడుగుకు టక్కున అంటుకుంది. "గిదేంది దుర్గయ్యా, పైన స్టీలు, కింద ఇనుమా? పాలల్ల మునిగినంక ఎవలు జూస్తరనుకున్నవా?" అంది. వెంట వచ్చిన నలుగురూ నవ్వారు. నేను నీ వైపు తిరిగి "అడుగుకు ఏ రేకు పెట్టినవ్‌రా?" అన్నాను.

"ఒక్క రేకుల్నే రెండూ గోసిన అన్నా. నీ ముంగటనే గోసిన."

"మరి అయస్కాంతం అబద్ధమాడుతదా?"

నువ్వు గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు.

నువ్వు పోయిన ఐదో రోజున అదే రేకులో మిగిలిన ముక్క దొరికింది. చదునుగా ఉంది, అయస్కాంతం అంటలేదు. లోతు వచ్చేదాకా సుత్తితో కొట్టాను. అంటుకుంది. గ్యాసు మంటతో బాగా ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాను. ఈసారి అయస్కాంతం జారి పడింది. నాలుగుసార్లు చేసి, ప్రతిసారీ రోజు పుస్తకంలో రాసుకున్నాను. ఐటీఐలో పాఠం చెప్పే రమేశ్ సారును అడిగితే, చల్లగా ఉన్న స్టీలును కొడితే లోపలి అమరిక మారి అయస్కాంతాన్ని పట్టుకుంటుందని, కాలిస్తే పాత అమరికకు వస్తుందని చెప్పారు. లోహం మాత్రం అదే. ముప్పై ఏళ్ళుగా సుత్తి పట్టి పనిచేస్తున్నాను, ఈ మాట నాకు తెలియదు.

ఇక నీ ప్రశ్న. సేటుకు చెప్పింది నేనే. నువ్వు పనిలో చేరిన మర్నాడు నీ గురించి కనుక్కుందామని ఫోన్ చేశాడు. "పని మంచిగ జేస్తడు, రేకు మాత్రం చేతికియ్యకు" అన్నాను. అది కోపంలో అన్న మాట. నిజం తెలిశాక కూడా పన్నెండు రోజులు నోరు మూసుకుని ఉన్నాను. దానికి కోపం సాకు కాదు. ఆ రోజుల్లోనే రోజారాణి షెడ్డుకు వచ్చింది. "బావా, ఒక్కటే అడుగుత. మా ఆయన దొంగనా?" అంది. తెలిసి కూడా "పోయి నీ పని జూస్కో" అన్నాను.

నెలాఖరుకు నిన్ను తీసేస్తారని నీ ఉత్తరంలో చదివాను. నిన్న అమృతమ్మను, ఆ నలుగురినీ పిలిపించి, వాళ్ళ ముందే ముక్క కొట్టి, కాల్చి చూపించాను. రోజారాణిని కూడా రమ్మన్నాను.

"అయితే తప్పు తమ్మునిది గాదు, నీది" అంది అమృతమ్మ.

"నాదే" అన్నాను. రోజారాణి అది విని వెళ్ళిపోయింది.

సేటుకు ఫోన్ చేస్తే, అప్పుడొక మాట ఇప్పుడొక మాట, దేన్ని నమ్మాలన్నాడు. అతను అన్నది న్యాయమే. అందుకే శనివారం బస్సుకు బయలుదేరుతున్నాను. రేకు ముక్కలు, సుత్తి తెస్తున్నాను. అతని ముందు, నీతో పనిచేసేవాళ్ళ ముందు చేసి చూపిస్తాను. నిన్ను వెంట తీసుకురావడానికి రావడం లేదు. ఉంటావో, వస్తావో నీ ఇష్టం. ఆ సమయానికి నా ముఖం చూడాలనిపించకపోతే బయటే నిలబడు. గోడ అవతలికి కూడా వినబడేటట్టు చెబుతాను.

ఇట్లు,
నీ అన్న
దుర్గయ్య