అల్లుడికి వాసన తగిలింది

అత్తయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

ఈ సంగతి ఇప్పుడే రాయక తప్పదు. మీ మేడమీది తెల్లపూలు ఈ వారంలోనే విచ్చుకుంటాయి. మా ప్రయోగశాలలో ఆ ఘాటు వాసన రకం చచ్చిపోయింది. ఇక గింజలంటూ మిగిలితే మీ కుండీల్లోనే. ఆ వాసనకు పొద్దుగూకాక ఒక రెక్కల పురుగు వస్తుంది. తేనె తాగి, పుప్పొడి మోసి, కాయ కట్టిస్తుంది. పోతూ పోతూ పువ్వులోనే గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు గింజలు తినేస్తాయి. మేం దాన్ని ముద్దుగా 'అల్లుడు' అంటాం.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. (రెండో కాగితం): అల్లుణ్ణి రానివ్వండి, కడుపునిండా తాగనివ్వండి. పిల్లల్ని మాత్రం వదిలి వెళ్లనివ్వకండి, ఉన్నదంతా తినేస్తారు.

---

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ రెండో కాగితం టీపాయ్ మీద ఉండిపోయింది. రోజూ పిల్లల్ని నా దగ్గర దింపి ఆఫీసుకు వెళ్లే నా అసలు అల్లుడు అది చదివాడు. "నేను తాగుతానని ఎవరు చెప్పారండీ?" అని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. మొదటి కాగితం పంపిస్తే, "అయితే పురుగునన్నమాట" అన్నాడట.

ఇట్లు,
అత్తయ్య

తా.క. నువ్వూ అల్లుడివేగా, మేనల్లుడివి. నీకక్కడ ఏ పురుగు పేరు పెట్టారు?

---

అత్తయ్యకు నమస్కారాలు.

అన్నయ్యగారికి నా క్షమాపణలు. ఆ పురుగు రాకపోతే అసలు కాయే కట్టదని, కాబట్టి ఆ పోలిక గౌరవమేనని వివరించగలరు. కాయలకు చిల్లులున్నాయేమో దయచేసి చూడండి.

విధేయుడు,
మేనల్లుడు

తా.క. ఈ కాగితం టీపాయ్ మీద పెట్టకండి.

---

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వివరణ వాళ్లింటికి వెళ్లి చదివి వినిపించాను. మీ వదిన నవ్వింది, అతను నవ్వలేదు. కాయలకు చిల్లులే చిల్లులు. కిందటేడు ఒక్కటీ లేదే అన్నాను. మనవరాలు అంది కదా, "కాయల్లో పిల్లపురుగుల్ని ఏరేది మేమేగా అమ్మమ్మా." మొక్కలు పాడుచేస్తున్నారనుకుని రోజూ కిందికి తరిమేదాన్ని. పిల్లల్ని పంపమని నేనే అడిగాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఇల్లు మరీ శుభ్రంగా ఉంది. బాగాలేదు.

---

అత్తయ్యకు నమస్కారాలు.

నిన్న అన్నయ్యగారు మా ప్రయోగశాలకు వచ్చారు. "పురుగు వచ్చిందని లోపల చెప్పండి" అన్నారట కాపలా మనిషితో. మీ మేడమీద పిల్లలు పురుగుల్ని ఏరి కాపాడిన కాయలను రుమాల్లో మూటగట్టి తెచ్చారు. గింజలు గట్టిగా ఉన్నాయి. టీ తాగుతారా అంటే, తాగానని మీకు రాయనంటేనే తాగుతానన్నారు. మాట తప్పాను. పిల్లలు మళ్లీ మీ మేడ మీదే ఉన్నారట, సంతోషం.

వాసన తగ్గిస్తే గింజలు తినే పిల్లలు తగ్గవచ్చు, కానీ అల్లుడే రాకపోవచ్చు. ఎంత వాసన సరిపోతుందో మాకింకా తెలియదు.

విధేయుడు,
మేనల్లుడు