నీ రేడియో బాగానే ఉంది

ట్రాన్స్‌మిటర్ భవనం,
ఆగస్టు 19, బుధవారం.

తమ్ముడూ,

తిట్లు తర్వాత, ముందు దీవెనలు. నీకంటే ముందు ఈ ఉత్తరం విప్పి చదివే జైలు అయ్యగారికి కూడా నమస్కారాలు. అయ్యా, మీరు చదవడం అయ్యాక దయచేసి త్వరగా వాడి చేతికి అందించండి, ఈసారి తొందర ఉంది.

ఇక్కడ అమ్మా, నేనూ, నీ మేనకోడలూ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి రోజూ ఆవిడకంటే ముందే నిద్ర లేస్తోంది. నీ మేనకోడలికి ముందు పళ్లు రెండూ ఊడాయి. నవ్వితే తలుపులు తీసిన ఇల్లులా ఉంటుంది.

పోయిన ఆదివారం నిన్ను చూడ్డానికి వచ్చాను. నీకు చెప్పారో లేదో. రెండు బస్సులు మారి, గేటు దగ్గర వరసలో నిలబడి, తీరా నా వంతు వచ్చేసరికి కిటికీలో కానిస్టేబులు పుస్తకం చూసి ములాఖత్ లేదమ్మా అన్నాడు. ఎందుకయ్యా అంటే కొట్లాట, విడి సెల్లులో పెట్టారు అన్నాడు. తెచ్చిన బనీన్లూ సబ్బులూ ఇచ్చేసి, జైలరు గారిని చూడందే కదలనని బెంచీ మీద కూర్చున్నాను. పాపం మంచాయనే. లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, జరిగిందంతా చెప్పాడు.

నీ రేడియోలో మా స్టేషన్ రావడం మానేసిందట. అంతకు ముందు రోజే నీ పక్క మంచం దర్జీ దాన్ని అడిగి తీసుకున్నాడట. వాడే పాడుచేశాడని నువ్వు, విన్నాను గానీ విప్పలేదు మొర్రో అని వాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు చివరికి వాడి మొహం మీద నీ చెయ్యి. పెదవి చీలింది. బట్టలకి కుట్లు వేసేవాడికే కుట్లు పడ్డాయమ్మా అని ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. సత్ప్రవర్తన కింద నిన్ను ముందుగా వదిలెయ్యమని పైకి పంపిన కాగితం కూడా వెనక్కి తెప్పించారట. చలికాలానికి ఇంట్లో ఉండాల్సినవాడివి.

ఒరేయ్, ఆ దర్జీ ఏమీ చెయ్యలేదు. నీ రేడియో బాగానే ఉంది. పాడైంది మా ట్రాన్స్‌మిటరు.

పోయిన నెలాఖరు శుక్రవారం సాయంత్రం టవరు మీద పిడుగు పడింది. పిడుగులు మాకు కొత్త కాదు, టవరు కట్టిందగ్గర్నుంచీ పడుతూనే ఉన్నాయి. ఈసారి మాత్రం లోపలిదాకా వచ్చింది. నేను డ్యూటీలోనే ఉన్నాను. తెల్లటి వెలుగు, ఆ వెంటనే పెద్ద బీరువా కింద పడినట్టు చప్పుడు, తర్వాత రబ్బరు కాలిన వాసన. మీటర్లన్నీ ఒక్కసారి సున్నాకి వాలిపోయాయి. పెద్దాయన పోయాడు. మేము పెద్ద ట్రాన్స్‌మిటరుని పెద్దాయన అనే పిలుస్తాం, నీకు తెలుసుగా. లోపల ఉండే పెద్ద వాల్వు, నీ మోకాలంత ఎత్తుంటుంది, పగిలి నల్లబడింది. అలాంటివి ఇప్పుడు ఎక్కడా తయారు చెయ్యరు. ఎక్కడో మూసేసిన స్టేషన్లో ఒకటి మిగిలి ఉందని కబురు తెలిస్తే, అడిగి ఉత్తరాలు రాశాం. దారిలో ఉందంటున్నారు.

అందాకా చిన్నోడితో నెట్టుకొస్తున్నాం. చిన్నోడంటే అత్యవసరానికని పక్క గదిలో పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటరు. పాపం వాడి శక్తి ఎంత! ఊళ్లో వినిపిస్తుంది. వంతెన దాటితే గరగరే. నువ్వున్న చోటు కొండల అవతల, అక్కడికి వాడి ఊపిరి చాలదు. అయినా వార్తలు చదివే ఆవిడ ఎప్పటిలాగే గొంతు సవరించుకుని, సముద్రం మీదా కొండల మీదా వాతావరణం ఎలా ఉంటుందో చదువుతూనే ఉంది. ఆ కొండల్లో వాళ్లకి మన మాట చేరడం లేదక్కా అని ఒకరోజు నేనే అన్నాను. తెలుసమ్మా, చేరుతున్నట్టే చదవకపోతే నాకు నోరు రాదు అంది.

ఇక మనుషులు చూడు. వంతెన అవతలి నుంచి ఒకాయన రేడియోని తువ్వాల్లో చుట్టుకుని మా గేటు దగ్గరికే వచ్చాడు. క్షౌరశాల నడుపుతాడట. బజార్లో మెకానిక్కు దీనికి నూకలు చెల్లాయి, కొత్తది కొనుక్కోమన్నాడని, మీరే చేసిన పెట్టె కదా మీరే బాగుచెయ్యండని బతిమాలాడు. పెట్టెలు చేసేది మేము కాదు, అందులోకి మాటలు పంపేది మేమని చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గేటు ఇవతల పెట్టి తిప్పి చూపించాను, శుభ్రంగా పలికింది. ఆయన మొహం ఎంత వెలిగిందో! పదిలంగా చుట్టుకుని మళ్లీ వంతెన దాటి వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచి అక్కడ మళ్లీ పలకదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

నువ్వూ ఆయనలాగే చేశావు, తేడా ఏమిటంటే నీ దగ్గర గేటు లేదు, దర్జీ ఉన్నాడు.

నీ బాధ నాకు తెలీదనుకోకు. పొద్దున్నే పాట మొదలవకముందు గరగర ఆగిపోయి ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుందని, అది నేను మీట వేసిన క్షణమని, అప్పుడు అక్క డ్యూటీకి వచ్చిందని అనుకుంటానని నువ్వే రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచీ మీట వేసేటప్పుడు కాస్త నిటారుగా నిలబడుతున్నాను. కానీ నాన్నా, లారీల స్టాండులో ఆ రోజు నీ చెయ్యి ఆగి ఉంటే అసలు నువ్వు ఆ జైలుకే వెళ్లేవాడివి కాదు. అదే చెయ్యి మళ్లీ లేచింది.

మా స్టేషను పనిచెయ్యలేదని రాయించి సంతకం పెట్టించి తెస్తాను, వాడి మీద దయ చూపించండని జైలరు గారిని అడిగాను. ఆయన బల్ల మీద పేపరు వెయిట్ పక్కకి జరిపి, రేడియో ఎవరు పాడుచేశారన్నది కాదమ్మా ఇక్కడ లెక్క, చెయ్యి ఎవరు చేసుకున్నారన్నది అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వంతెన దాకా అదే మాట నమిలాను.

అమ్మకి కాగితం సంగతి చెప్పలేదు. జైలులో జ్వరాలు, అందుకే చూడనివ్వలేదన్నాను. నువ్వు ఉత్తరం రాస్తే జ్వరం తగ్గిందని రాయి.

సెల్లు నుంచి బయటికి రాగానే మొదట చెయ్యాల్సింది చెబుతాను. దర్జీ దగ్గరికి వెళ్లు. చేతులు కట్టుకుని నిలబడు. తప్పు నాది, రేడియో బాగానే ఉందని మా అక్క రాసిందని చెప్పు. వాడు తిడితే పడు. నేనింకేం చెయ్యగలను చెప్పు, ఇక్కణ్ణుంచి నీ చెయ్యి పట్టుకుని ఆపలేను కదా.

తింటున్నావా? దగ్గు తగ్గిందా?

నీ కోసం ఎన్ని బస్సులైనా ఎక్కే,
అక్క.

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. వాల్వు దారిలో ఉందని రాశానే, అది అబద్ధం. అలా ఉంచేస్తే నువ్వు రోజూ మీట తిప్పి చూస్తావు, నెల దాటినా రాకపోతే మళ్లీ ఎవడి మీద పడతావోనని భయం వేసింది. అందుకని నిజం రాస్తున్నాను.

వాల్వు మొన్న సోమవారమే వచ్చింది. నేనూ మా ఎలక్ట్రీషియనూ కలిసి బిగించాం. టవరుకి కలపకుండా ముందు డమ్మీ లోడు మీద నడిపి చూడాలి, అంటే శక్తంతా ఆకాశంలోకి పోకుండా నీళ్ల తొట్టెలోకి పోతుంది. పెద్దాయన ఒక్క తడబాటు లేకుండా లేచాడు. పూర్తి శక్తి. నీ దాకా రావాల్సిందంతా తొట్టెలో నీళ్లు కాగబెట్టింది. ఎలక్ట్రీషియను చెయ్యి పెట్టి చూసి, స్నానానికి పనికొస్తాయక్కా అన్నాడు.

నిన్న పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. టవరుకి కలపొద్దన్నాడు. దీని కరెంటు ఖర్చు మొయ్యలేమని, ఇక మీదట వినాలనుకున్నవాళ్లు ఫోన్లో వింటారని, చిన్నోడు కూడా నెలాఖరు దాకానే అని. బాగైంది కదా సార్, నడుస్తోంది కదా అన్నాను. నడవడం లేదని ఎవరన్నారమ్మా, వినేవాళ్లు లేరంటున్నాం అన్నాడు. సర్వేలో వంతెన అవతల వినేవాళ్లు ఒక్కరూ తేలలేదట. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండని కలం తీశాడు. ఎగతాళికి కాదు, నిజంగానే రాసుకుందామని.

నీ సంగతి ఆఫీసులో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, తమ్ముడు లారీ మీద తిరుగుతుంటాడనే అనుకుంటారు. అందరి ముందూ చెప్పాను. మా తమ్ముడు వింటాడు సార్, జైల్లో ఉన్నాడు, అక్కడ ఫోన్ ఉండదు, వాడి బ్యారక్‌లో వాళ్లంతా వింటారు అన్నాను. ఎలక్ట్రీషియను తల దించుకున్నాడు. పై ఆఫీసాయన కలానికి మూత పెట్టి, చాలా మెల్లగా, సర్వే ఇళ్లల్లోనే చేస్తారమ్మా, జైలు ఇళ్ల లెక్కలోకి రాదు కదా అన్నాడు.

రాదు సార్ అన్నాను.