ఆకుపచ్చ గీత

బుధవారం, పొద్దున

నా చిన్నారి చెల్లెలు పిచ్చుకకి అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం ఉన్నంతలో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. కవరు చింపగానే కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. కంగారు పడటం నా పని, అది నాకొదిలెయ్.

అసలు సంగతి ఏమిటంటే, నువ్వు వీడియోల్లో మాట్లాడి పంపుతున్నవేవీ నేను వినలేదే. ఒక్కటి కూడా. ఫోను చెవిలో పెట్టుకుంటే నాకు కీచుమనడం తప్ప మాట తెలియదనే కదా, కంప్యూటరు స్పీకర్లలోనైతే గట్టిగా వినపడుతుందని నువ్వు ఇలా పంపడం మొదలుపెట్టావు. బొమ్మ వస్తోంది. నీ పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం రావడం లేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి నీకు రాయలేదు, మీ బావే వద్దన్నారు. పిచ్చుక పొద్దస్తమానం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివి చదివి వచ్చి, మళ్లీ నీకోసం గొంతు చించుకుంటోంది, వినపడలేదంటే మనసు కష్టపెట్టుకుంటుంది, ఈలోగా నేను బాగు చేయిస్తాలే అన్నారు. సరేనని నేను పిల్లి ఈనిందనీ, వంటింట్లో కుళాయి కారుతోందనీ రాస్తూ వచ్చాను.

ఆయన సంగతి నీకు తెలుసుగా. వాచీల రిపేరు కొట్టు మూసేసినా, వెనకగదిలో బల్ల ముందు ఆ చిన్న చిన్న చక్రాలతోనే కాపురం. ఈ పాత కంప్యూటరుకి లినక్సు అనే ఉచిత సిస్టం ఎక్కించిందీ ఆయనే. ముందుగదిలో స్పీకర్లు కంప్యూటరు లోపలి సౌండు కార్డుకి తగిలించి ఉన్నాయి. పని చేసుకుంటూ బ్రౌజరులో వచ్చే రేడియో వినాలని ఆయన వేలెడంత ఉండే రెండో సౌండు కార్డు తెచ్చి వెనకాల గుచ్చారు. దాన్నుంచి పొడుగాటి వైరు తలుపు కింద నుంచి వెనకగదిలోకి లాగారు. ఆ చివర హెడ్‌ఫోన్లు. అవి తగిలించుకున్నారంటే ఇల్లు కూలినా ఆయనకి పట్టదు.

ముందు స్పీకర్లే పోయాయనుకున్నాను. కాదు, కంప్యూటరులో దాచిన పాత పాటలు పెడితే ఖంగుమని పాడుతున్నాయి. బ్రౌజరు తెరిచి నీ వీడియో పెడితేనే మూగనోము. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. అంతా ఆపి మళ్లీ వేశాను. నా చెవులే పూర్తిగా పోయాయేమోనన్న భయంతో గిన్నెలు తెచ్చుకుని వాయించి చూసుకున్నాను. మీ బావ తలుపు తీసి, ఇంట్లో పెళ్లేమైనా ఉందా అని అడిగి మళ్లీ వేసుకున్నారు.

చివరికి ఆయన్ని పోరి పోరి రిపేరు అతన్ని పిలిపించాను. వస్తూనే విసుక్కున్నాడు, ఈ లినక్సు ఎందుకు మామ్మగారూ, అందరూ వాడేది వేయించుకోవచ్చుగా అని. సౌండు సెట్టింగులు తెరిచాడు. ఏది మోగుతుంటే అక్కడ దాని పేరు, పేరు కింద ఒక ఆకుపచ్చ గీత. నీ వీడియో పెట్టగానే బ్రౌజరు పేరు కింద గీత ఎగిరెగిరి పడింది.

"మాట పుడుతూనే ఉంది మామ్మగారూ, ఎటో పోతోంది" అన్నాడు.

ఎటు పోతుందే, ఇంట్లోంచి? ఇంతలో మీ బావ వచ్చి, అతనికి మంచినీళ్లు తెమ్మని నన్ను పంపారు. తెచ్చేసరికి ఇద్దరూ వెనకగదిలోంచి వస్తున్నారు. అతను నీళ్లు తాగి, నా మొహం కేసి చూడకుండా, ఏదో పార్టు రావాలి, వచ్చాక చూద్దాం అంటూ వెళ్లిపోయాడు. ఆ పార్టు ఇంకా రాలేదు.

సెట్టింగులు తెరవడం మాత్రం చూసి నేర్చుకున్నాను. అప్పటినుంచి నీ వీడియో ఒక పక్క, ఆ గీత ఒక పక్క పెట్టుకుని కూర్చుంటున్నాను. నువ్వు నవ్వితే అది చటుక్కున పొడుగు సాగుతుంది. మొన్న వచ్చినదాంట్లో మధ్యలో గీత పడిపోయి చాలాసేపు లేవలేదు. నువ్వు తల వంచుకుని ఉన్నావు. ఏమైందే? ఎవరైనా ఏమైనా అన్నారా? ఇంత ఉక్కలో మెడకి ఆ గుడ్డ ఎందుకు? చెమట పీలుస్తుందని చుట్టుకుని ఉంటుందిలే అంటారు మీ బావ. చిక్కిపోయావు కూడా. ఆయనకీ ఈమధ్య కళ్లు ఎర్రబడుతున్నాయి. ఆ భూతద్దం పని మానమంటే వినరు. మీ ఇద్దరితోనూ నాకు మనశ్శాంతి లేదు.

ఇది అందగానే నాలుగు ముక్కలు కాగితం మీద రాసి పడెయ్. మాట వినపడకపోయినా పర్లేదు, నీ చేతిరాత చూస్తే నాకు నిద్ర పడుతుంది.

నీ మేలు తప్ప ఇంకేమీ కోరని
అక్క

తా.క. మధ్యాహ్నమైంది. మీ బావ బయటికి వెళ్లారు. నీ వీడియో పెట్టి, అది నడుస్తుండగానే కవరు అంటించడానికి బంక కోసం వెనకగదిలోకి వెళ్లాను. బల్ల మీది హెడ్‌ఫోన్లు పక్కకి జరపబోతే వేళ్ల కింద సన్నగా వణికాయి. చెవికి పెట్టుకున్నాను. నువ్వే.

తిరిగి వచ్చి సెట్టింగుల్లో చూశాను. బ్రౌజరు పేరు పక్కన రెండో కార్డు పేరుంది. రేడియో కోసం ఆయన ఎప్పుడో అలా మార్చుకుని ఉంటారు, కంప్యూటరు దాన్నే పట్టుకు కూర్చుంది. నీ మొదటి వీడియో నేనిక్కడ పెడితే మాట అక్కడ ఆయన చెవిలో పడింది. అది విన్నాక ఇక మార్చలేదు, రిపేరు అతన్నీ మార్చనివ్వలేదు. అమ్మ పోయిన కబురు వినగానే నేను పడిపోయి ఎన్నాళ్లు లేవలేదో ఆయన చూశారు కదా.

మొదటి కార్డుకి మార్చి, అన్నీ వరసగా పెట్టుకున్నాను. "అక్కా, ముందు కూర్చో. నిలబడి వినకు" అంటూ మొదలుపెట్టావు. గొంతులో పుండు చెడ్డదనీ, డాక్టర్లు స్వరపేటిక తీసేస్తారనీ, ఈ వచ్చే సోమవారం తర్వాత నీకిక మాట ఉండదనీ చెప్పావు. ఉండగానే నాతో చెప్పాల్సినవన్నీ ఇలా దాచిపెడుతున్నానన్నావు. ఒక్కసారి రమ్మన్నావు. దానికి నేను పిల్లి ఈనిందని రాశాను. "ఆ సంగతే ఎత్తకుండా రాస్తున్నావు. భయపడుతున్నావని తెలుసక్కా. సరేలే, రావొద్దు" అన్నావు మొన్న. గీత పడిపోయింది అక్కడే.

మీ బావ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రావడం లేదు. నేనిక్కడ నీ బొమ్మ చూస్తుంటే, తలుపవతల ఆ బరువంతా ఆయనొక్కరే మోశారు. నేను విన్నట్టు ఆయనకి తెలియనక్కర్లేదని బ్రౌజరుని మళ్లీ రెండో కార్డుకే పెట్టేశాను. ఇక మిగిలింది నీ నోటితోనే వింటాను.

పోస్టులో వేస్తే ఇది నా వెనకాల వస్తుంది. చేత్తోనే తెస్తున్నాను. నేను బస్సు దిగేసరికి మైకులో వేరే ఎవరి గొంతో ఉంటుంది, తెలుసు. సోమవారం రాకముందే నీ దగ్గరుంటాను. నువ్వు చెప్పినట్టు కూర్చునే విన్నానే. ఇప్పుడే లేచాను, సంచీ సర్దుకోవాలి.