మా అత్తగారి శనివారాలకు కాపలా అక్కర్లేదు

ఫిన్లాండ్ సావో ప్రాంతంలో సొంత ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు ఎస్కో కెత్తునెన్ భార్యనైన సిర్పా అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే నెల నాకు గుండె ఆపరేషన్. మతి స్థిమితంగానే ఉంది. కోపంగా కూడా ఉంది. కోపం వల్ల వీలునామా చెల్లకుండా పోదని లాయరుగారు చెప్పారు.

1. ఇల్లు, పెరడు, చెరువు గట్టున ఉన్న సౌనా, అంటే మా ఆవిరిస్నానాల గది, నా కూతురు వీవికి. మా అత్తగారు ఐలికి మాత్రం బతికున్నంత కాలం అక్కడ ఉండే హక్కు ఉంది. ఆమెను కదిపే అధికారం ఎవరికీ లేదు.

2. ఆర్పడం మరిచిపోయిన స్టవ్‌ను దానంతటదే ఆర్పే పరికరం వంటింట్లోనే ఉండాలి. అది స్టవ్‌ను కనిపెడుతుంది, మనిషిని కాదు.

3. గదుల మూలల్లో కదలికలు కనిపెట్టే సెన్సర్లు, అత్తగారి మణికట్టుకు కట్టే హెచ్చరిక పట్టీ, అన్నీ నా ఆడపడుచు కిర్సికి. ఆమే తెచ్చి బిగించింది, ఆమే విప్పుకుపోవాలి. స్క్రూడ్రైవర్ వంటింటి సొరుగులో ఉంది.

కారణం రాయకపోతే రేపు నన్ను మొండిదంటారు. కిందటి నవంబరులో ఒక శనివారం సాయంత్రం, ప్రతి శనివారంలాగే, అత్తగారూ నేనూ సౌనాలో ఆవిరిస్నానం చేస్తున్నాం. ఆ వేడికి పనికిరావని పట్టీ, ఫోన్లు ఇంట్లో వదిలాం. ఇంట్లో కదలిక లేదని హెల్సింకీలో ఉన్న కిర్సికి హెచ్చరిక వెళ్లింది. ఆమె ఫోను చేసింది, ఎవరూ తీయలేదు. వెంటనే సహాయక దళాన్ని పంపింది. వాళ్లు ఇల్లంతా వెతికి, చివరికి సౌనా తలుపు పగలగొట్టారు. ఎదురుగా బూట్లతో ముగ్గురు మగవాళ్లు. ఆవిరికి కూర్చునే బల్ల మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఎనభై ఆరేళ్ల పెద్దావిడ.

"చూడ్డానికొచ్చారా, స్నానానికొచ్చారా నాయనా? ఆ తలుపు ముయ్యండి, ఆవిరంతా పోతోంది" అని అత్తగారు వాళ్లను నవ్వించారు. ఆ రోజు నుంచి మాత్రం సౌనా గడప తొక్కలేదు. బాత్రూములో బకెట్టు నీళ్లతో సరి. రమ్మంటే, "మళ్లీ ఎవరైనా వస్తారేమోనే" అంటారు.

కిర్సి నన్నడిగింది: "ఏం వదినా, అమ్మ ప్రాణం కన్నా నీకు తలుపు ఎక్కువైందా?"

తలుపు గొడవ కాదు కిర్సీ. నువ్వు పుట్టి పెరిగిన ఇంట్లో శనివారం సాయంత్రం మనుషులు ఎక్కడుంటారో నీకు తట్టలేదు. పక్కింటి ఊర్హోకి ఫోను చేసి ఉంటే, కిటికీలోంచి మన సౌనా పొగగొట్టంలో పొగ చూసి చెప్పేవాడు.

4. సౌనాకు కొత్త తలుపు పెట్టించాను. దాని గడియ లోపలి వైపే ఉండాలి.

5. ప్రతి శనివారం వీవి సౌనా పొయ్యి రాజేసి, నానమ్మను చెయ్యి పట్టుకు తీసుకెళ్లి పక్కన కూర్చోవాలి. ఆమె రానంటే బలవంతం చేయకూడదు. వచ్చే శనివారం మళ్లీ రాజెయ్యాలి.

6. సౌనాలో పైబల్ల మీద తల్లి పక్క చోటు కిర్సికి రాసి ఇస్తున్నాను. పిలుపు అక్కర్లేదు. ఫోను ఇంట్లో వదిలి, బట్టలు విప్పి వచ్చి కూర్చుంటే ఆ చోటు ఆమెది. రాకపోతే మరెవరికీ పోదు, ఖాళీగా ఉంటుంది. తల్లి ప్రతి శనివారం దాన్ని చూస్తుంది.

ఇది నా చేత్తో రాసి, సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను.

2025 మార్చి 11
(సంతకం) సిర్పా కెత్తునెన్

సాక్షులు:
ఊర్హో రుస్కనెన్, పక్కింటివాడు
తూలా లాపలైనెన్, గ్రంథాలయ ఉద్యోగి