మిషన్‌కు పెట్టిన బట్టలు

మెట్‌పల్లి

కరీంనగర్ ఆఫీసుల ఇంజనీరమ్మ మమతారాణి గారికి, మేస్త్రి మొండయ్య దండం పెట్టి రాసేది.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది. అందుకే రాస్తున్న. మీరు పంపిన గిలాబు మిషన్ మంచిగున్నది. పైకప్పుకు సిమెంటు అదే పూస్తుంది. మేం కట్టే తారాబాయమ్మ ఇంటికి స్లాబు అయినంక, నిన్న దర్వాజ నిలబెట్టినం. ఆ రోజు మేస్త్రులకు బట్టలు పెట్టుడు రివాజు గదా, తలా ఒక తువ్వాల కప్పింది. మిషన్‌కు సుత కప్పింది.

ఇట్లు,
మొండయ్య

మళ్ళ ఒక మాట: బొట్టు ఎక్కడ పెట్టాల్నో తెలువక కెమెరా కంటి మీద పెట్టింది.

*

కరీంనగర్

మొండయ్య గారికి నమస్కారం.

మిషన్ కెమెరా చూపించే మా తెర మీద రెండు రోజులుగా అంతా ఎర్రగా ఉంది. అంత గొప్ప మిషన్‌కు తువ్వాలా? దానికి ఇచ్చే మర్యాద ఇదేనా? వెంటనే సరిచేయండి.

మమతారాణి

తా.క.: ఆ ఎరుపులో ఏదో కదిలింది. కోడి అనుకుంటాను.

*

మెట్‌పల్లి

ఇంజనీరమ్మకు శనార్థులు.

మీరన్నది నిజమే. గంత పెద్ద పనోనికి ఒట్టి తువ్వాలంటే నామోషే. తారాబాయమ్మ మస్తు బాధపడ్డది. అంగీ కుట్టిచ్చింది, ధోతి కట్టిచ్చింది, తలకు రుమాలు చుట్టిచ్చింది. రుమాలు కంటి మీదికి దిగింది. ఇల్లు అయ్యేదాక ఇప్పితే ఒట్టేనన్నది. పాపం, దానికి దారి కనవడది. నేనే చెయ్యి పట్టుకొని నడిపిస్తున్న. ఇప్పుడు ఫికర్ లేదు.

మీ మొండయ్య

మళ్ళ ఒక మాట: అంగీకి ఒకటే చెయ్యి. రెండోది ఎట్ల పోయిందని దర్జీ హనుమండ్లు కండ్లనీళ్ళు పెట్టుకున్నడు.

*

కరీంనగర్

మొండయ్య గారూ,

అంగీయా! ఇక చాలు. సోమవారం బండి పంపి మిషన్‌ను వాపసు తెప్పిస్తున్నాం.

మమతారాణి

తా.క.: అంగీ ఏ రంగు? ఆఫీసులో పందెం నడుస్తోంది.

*

మెట్‌పల్లి

అమ్మా,

బండి పంపకుండ్రి, మీ కాళ్ళు మొక్కుత. నా కుడి భుజం పోయింది. చెయ్యి తలకాయ దాటి లేస్తలేదు. ఇంట్ల సుత చెప్పలే. తాపీ వదిలితే నేనేం గావాలె? మిషన్ చెయ్యి పట్టుకుంటే నాది సుత లేస్తుంది. బరువే తెలుస్తలేదు. మబ్బుల మీద అరచెయ్యి పెట్టి నిమిరినట్టుంటది, కింద భూమి ఉన్నదన్న సోయి ఉండది. పని దానిది, పేరు నాది. సిగ్గయితుంది. అయినా జర ఉంచుండ్రి.

మొండయ్య

మళ్ళ ఒక మాట: చిలకపచ్చ.

*

కరీంనగర్

మొండయ్య గారికి,

బండి ఆపించాను. మిషన్ తన లోపల రాసుకున్న పని లెక్కలు చూశాను. కెమెరా కన్ను కప్పేస్తే అది సొంతంగా గిలాబు చేయదండీ. పట్టుకున్న చేతి బరువు మోస్తుంది, ఆ చెయ్యి ఎటు పోతే అటు పోతుంది. రుమాలు కంటి మీదికి దిగిన రోజు నుంచి ఆ ఇంటి పైకప్పులన్నీ పూసింది మీరే. పని మీదే, పేరూ మీదే. మిషన్ మీ దగ్గరే ఉంటుంది.

గౌరవంతో,
మమతారాణి

తా.క.: గృహప్రవేశం పత్రిక అందింది. పైన ‘శ్రీ మిషన్ గారికి, సకుటుంబంగా’ అని రాసి ఉంది. ఆఫీసంతా వస్తున్నాం.