కుంగుదల అనే మాట

జూన్ 3

ఇదిగో, ఫైలు మళ్ళీ వెనక్కొచ్చింది. మూడోసారి. కొత్తల్లుడైనా ఇన్నిసార్లు రాడు.

పాత ఆఫీసు బిల్డింగు పునాది పక్కన బోర్లు వేసి మట్టి చూడాలి. మట్టి పాఠాలు చెప్పేవాణ్ణి, నాకింకేం తెలుసు. బోర్లకి గ్రాంటు కావాలి. గ్రాంటుకి అప్లై చెయ్యాలంటే ముందు మా యూనివర్సిటీ వాళ్ళే ఒప్పుకోవాలి. ఐదు సంతకాలు. ఆఖరి తేదీ ముప్పై. ఈసారి అభ్యంతరం ఒక్క మాట మీద. టైటిల్లో 'కుంగుదల' ఉండకూడదట.

ఫైలు తెచ్చిచ్చింది మా ఆవిడ చెల్లెలు. రీసెర్చి సెక్షన్లో క్లర్కు. ఆ బిల్డింగు రెండో అంతస్తులోనే కూర్చుంటుంది. బావా, నీ ఫైలుకి నా టేబులంటే మోజు, ఎక్కడికి పంపినా తిరిగొచ్చేస్తోంది అని నవ్వింది. దీనికి నవ్వకుండా మాట్లాడటం రాదు.

జూన్ 5

మరదలి కుర్చీ వెనక గోడ పగిలింది. సీలింగు నుంచి కిటికీ దాకా. నిచ్చెనెక్కి, పగులుకి అడ్డంగా మూడు గాజు పట్టీలు ప్లాస్టరుతో అంటించాను. గోడ కదిలితే గాజు పుటుక్కుమంటుంది.

విరిగితే నేనేం చెయ్యాలి బావా అంది. లేచి వెళ్ళిపో అన్నాను. సెలవు చీటీలో కారణం ఏం రాయాలి, గాజు విరిగిందనా అంది.

జూన్ 9

ఒకటి విరిగింది.

జూన్ 10

బిల్డింగు ఇంజినీరు వచ్చి చూశాడు. స్వీపరు చీపురు తగిలుంటుందన్నాడు. పట్టీ తొమ్మిదడుగుల ఎత్తులో ఉంది. మన స్వీపరమ్మ అంత పొడుగని నాకు తెలీదండీ అన్నాను. నవ్వలేదు. పగులు కనపడకుండా రంగు వేయిస్తానన్నాడు. మిగిలిన రెండు పట్టీలూ ముట్టుకోవద్దని బతిమాలి పంపాను.

జూన్ 12

రిజిస్ట్రారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

కుంగుదల అని మేం సంతకం పెట్టామనుకోండి ప్రొఫెసరు గారూ, తెలిసి తెలిసి మనుషుల్ని అందులో ఎలా కూర్చోబెట్టారని రేపు అడగరా అన్నాడు. మరి ఖాళీ చేయించండి అన్నాను. కాఫీ కప్పు నా వైపు జరిపాడు. 'స్థిరత్వం' అని రాయండి, గ్రాంటొచ్చాక ఎంత లోతు కావాలంటే అంత తవ్వుకోండి అన్నాడు.

పైన మాట మారిస్తే కింద మట్టి మారుతుందా అనుకున్నాను. రాసిచ్చాను.

జూన్ 16

ఐదు సంతకాలూ ఒక్క రోజులో. మా ఆవిడ నమ్మలేదు. కొంపదీసి మీరే పెట్టుకున్నారా అంది.

జూన్ 18, ఉదయం పదకొండు

ఇనప ర్యాకులు మోస్తున్నారు. పైకి. షెడ్డులో చెమ్మకి పాడవుతున్నాయట, నలభై ఏళ్ళ రికార్డులన్నీ మరదలి గదిలోకి. ఆ గోడ వారనే.

ఎవరు చెప్పారయ్యా అని అరిచాను. ఆర్డరు చూపించారు. భవన స్థిరత్వం గురించి సంబంధిత ప్రొఫెసరు రాసిచ్చినందున అభ్యంతరం లేదు, అని. వెనక నా కాగితమే కుట్టారు. నా సంతకమే.

మూడు గంటలు

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను. గ్రాంటు పోతుంది. పోనీ. ఉత్తరం తీసుకోవడానికి వాళ్ళకేం అభ్యంతరం లేదట. కాకపోతే దానికీ ఐదు సంతకాలు కావాలట. అవన్నీ అయ్యాకే ర్యాకులు దింపుతారట.

జూన్ 20

రెండోది విరిగింది.

సెలవు పెట్టు తల్లీ అని మరదల్ని బతిమాలాను. నేను ఇంట్లో కూర్చుంటే నీ ఉత్తరాన్ని టేబులు మీద నుంచి కదిపేదెవరు బావా అంది. నవ్వుతూనే.

మా ఊరి బళ్ళో ఒకసారి దూలం కిర్రుమంది. మాస్టారు ఎవర్నీ అడగలేదు. పలకలు అక్కడే పడేసి బయటికి నడవండ్రా అన్నాడు. ఆయన కంటే నేను రెండు డిగ్రీలు ఎక్కువ చదివాను. ఉత్తరం రాశాను.

జూన్ 23, మధ్యాహ్నం మూడూ నలభై

రిజిస్ట్రారు గది బయట బెంచీ మీద ఉన్నాను. అదే బిల్డింగు, కింది అంతస్తు. నాలుగు సంతకాలయ్యాయి. ఐదోది లోపల మీటింగులో ఉంది.

పైన మరదలి గది తలుపు నేలకి రాసుకుంటోందని పొద్దున వడ్రంగి చిత్రిక పట్టాడట. మధ్యాహ్నం మళ్ళీ పట్టాడట. ఇలా అయితే సాయంత్రానికి పిడి ఒక్కటే మిగులుతుంది బావా అని ఇప్పుడే ఫోను. మూడో పట్టీ సంగతి అడిగాను. ర్యాకు అడ్డమొచ్చింది, కనపడట్లేదు అంది.

సంతకం వద్దు, ఏమొద్దు. పైకెళ్ళి దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తాను. ప్యూను లోపలికి రమ్మంటున్నాడు, సారు ఖాళీ అయ్యారట. మెట్ల వైపు నుంచి మరదలు కూడా పిలుస్తోంది. బావా అంటోంది. ఈసారి గొంతులో నవ్వు